పటాన్ని సాగనంపే ముందు నకలు వేయించండి

వేదిక మీది పెద్దలకు, బట్ట మీద కథల పటాలు వేసే చేర్యాల నకాషీలకు, ఆ పటాలు చూపి కథ చెప్పే, ముందు వరుసలో కూర్చున్న కూనపులి, కాకిపడగల, గౌడజెట్టి కుటుంబాల వాళ్లకు దండాలు. నకాషీ రంగుల గురించి మాట్లాడమన్నారు. అక్కడే మొదలుపెడతాను.

ఖాదీ బట్టకు గంజి, సుద్ద, ఉడకబెట్టిన చింతగింజల ముద్ద, చెట్టు బంక నీళ్లు కలిపి మూడు పూతలు వేస్తారు. ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకొకటి. తడి మీద తడి వేస్తే చుట్టినప్పుడు పెచ్చులు లేస్తుంది. ఆ మీద బొమ్మల వెనక నేపథ్యమంతా ఎరుపు. పాత పటాల్లో పసుపుకు హరిదళం అనే రాయి, నలుపు దీపం మసి, తెలుపు శంఖం పొడి. అన్నిటినీ పట్టి ఉంచేది బంకే. కళ్లు ఆఖర్న దిద్దుతారు.

చూడండి, గంజి, చింతగింజ, బంక. పురుగుకు ఇంతకన్నా విందు లేదు. నీళ్లు తగిలితే కరిగిపోయేవీ ఇవే. అందుకే రంగుల సంగతి ఇక్కడ ఆపి, అటక మీదున్న పటం సంగతికి వస్తాను. ఈ రోజు చెప్పాల్సింది అదే.

మూడడుగుల వెడల్పు, ముప్పై నలభై అడుగుల పొడవుండే ఆ బట్ట కథకుల ఇంటిని నడిపింది. ఏ ఊరు ఎవరి వంతు, పద్మశాలీలకు మార్కండేయ పురాణం ఎవరు చెప్పాలి, పటం పట్టుకుని ఎప్పుడు బయల్దేరాలి, అన్నదమ్ముల మధ్య ఇవన్నీ దాని చుట్టే తిరిగాయి. అది చినిగితే నకాషీ ఇంటికి తీసుకెళ్లి, దాన్ని చూసి కొత్తది వేయించేవారు. కొత్తది చేతికొచ్చాకే పాతదానికి పూజచేసి నీళ్లలో కలిపేవారు. పెద్దలు పటాన్ని వదులుకున్నారు, నిజమే. నకలు లేకుండా మాత్రం వదులుకోలేదు!

ఇప్పుడేం జరుగుతోంది? బేరగాడు వస్తాడు, కొంటాడు, గది గోడకు సరిపోయేలా కత్తిరిస్తాడు. పూలతీగ అంచు మధ్యలోంచి కత్తెర నడుస్తుంది. నలభై అడుగుల కథ ముక్కలై, ఒక్కో ముక్క ఒక్కో ఊరు పోతుంది. అమ్మకండని నేననను. పిల్లల చదువుంటుంది, అప్పుంటుంది. అమ్మే ముందు నకలు వేయించండి. అదీ కుదరకపోతే ఫొటోలైనా తీయించండి.

ఫొటోలు ఎలా తీయాలంటే, నేల మీద ఉతికిన దుప్పటి పరిచి, ఇద్దరు రెండు వైపులా పట్టుకుని మూడేసి అడుగులు విప్పండి. ఒక్కసారిగా లాగొద్దు. ఎండలో వద్దు, నీడపట్టు వెలుగు చాలు, ఫ్లాష్ వాడొద్దు. కెమెరా పటానికి సమాంతరంగా ఉండాలి, వంగితే బొమ్మల కొలతలు మారి నకాషీకి పనికిరాదు. పక్కన స్కేలు పెట్టండి. ప్రతి ఫొటోలోనూ ముందు దానిలోని మూడోవంతు మళ్లీ రావాలి, అప్పుడే వరుస తప్పదు. ఆ తర్వాత కథ చెప్పే పెద్దాయనను కూర్చోబెట్టి, కర్రతో ఒక్కో బొమ్మ చూపిస్తూ పాడమని వీడియో తీయండి. దీన్ని వాయిదా వేయొద్దు, అమ్మా! పటం మ్యూజియంలో వందేళ్లయినా ఉంటుంది. ఏ బొమ్మ దగ్గర ఏ పాట ఎత్తుకోవాలో బట్ట మీద రాసి ఉండదు.

తడిగుడ్డతో తుడవడం, సెల్లోటేపు అంటించడం, లామినేషన్, వార్నిష్, ఈ నాలుగూ పటాన్ని చంపేవే. టేపు జిగురు కొన్నేళ్లకు పచ్చబడి బట్టలోకి దిగుతుంది, మళ్లీ రాదు. నాఫ్తలీన్ ఉండలు రంగుకు తగలనివ్వకండి.

చుట్టడానికి కనీసం నాలుగంగుళాల లావున్న గొట్టం కావాలి. సన్నని కర్రకు బిగించి చుడితే పూత అడ్డంగా చిట్లుతుంది. గొట్టం మీద గంజి లేకుండా ఉతికిన తెల్ల నూలుగుడ్డ చుట్టి, రంగు వైపు బయటికి ఉండేలా, పొరపొరకూ అలాంటి గుడ్డే వేస్తూ వదులుగా చుట్టండి. బొమ్మ లోపలికుంటే పూత నొక్కుకుని లేస్తుంది. వెడల్పాటి నూలు పట్టీలతో కట్టండి.

హైదరాబాద్‌లోని జగదీశ్, కమల మిట్టల్ మ్యూజియంలో మన పటాలు పదిలంగా ఉన్నాయి. ఏ మ్యూజియానికి ఇచ్చినా మీ ఇంటిపేరు, ఊరు, కథ పేరు, పటం వేసిన నకాషీ పేరు కాగితం మీద రాసి సంతకం తీసుకోండి. లేకపోతే పటం కింద 'కళాకారుడు తెలియదు' అన్న చీటీ పడుతుంది. పక్క గదిలో కూర్చుని చెప్పగలిగిన మనిషి ఉండగా! ఆ చీటీ చూస్తే కడుపు మండుతుంది.

వందేళ్లు దాటిన పటమైతే 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి, చేతులు మారితే రిజిస్టర్ చేసే అధికారికి తెలపాలి. దేశం దాటించి అమ్మడం నేరం. బేరగాడు ఈ మాట మీకు చెప్పడు.

ఇంటికి వెళ్లగానే అటక మీది పటానికి రబ్బరు బ్యాండు వేసి ఉందేమో చూడండి. ఉంటే లాగొద్దు, అతుక్కున్న చోట రంగు ఊడి దానితోపాటే వస్తుంది. కత్తెరతో కోసి, అతుక్కున్న ముక్కను అలాగే వదిలేయండి.