యెద్వాబ్నె: చంపింది ఇరుగుపొరుగే

[తెరపై: ఈశాన్య పోలండ్ పటం, అందులో యెద్వాబ్నె పట్టణం]

1941 జూలై 10న యెద్వాబ్నెలోని యూదులను ఇళ్లలోంచి బయటికి లాగి, రాళ్లు పరిచిన సంత మైదానానికి తోలుకొచ్చి, ఆ రాళ్ల సందుల్లో మొలిచిన గడ్డి పీకమన్నారు. సోవియట్ పాలనలో నిలిపిన లెనిన్ విగ్రహాన్ని కొందరు యూదు పురుషుల చేతనే పగలగొట్టించి, ముక్కలు మోయించి, ఆపై వారిని చంపారు. తక్కినవారిని పిల్లాపాపలతో సహా ఒక ధాన్యపు కొట్టంలోకి నెట్టి, తలుపులు మూసి నిప్పుపెట్టారు. ఇంత పనీ చేసినవారు, ఏళ్ల తరబడి వారితో ఒకే ఊళ్లో బతికిన పోలిష్ పొరుగువారు.

[తెరపై: 1939, 1941 సరిహద్దులు]

అప్పటికే సోవియట్‌లను తరిమి ఆ ప్రాంతాన్ని ఆక్రమించిన జర్మన్ల ప్రోద్బలం లేదని ఎవరూ అనలేరు. స్థానికులే యూదులపై తిరగబడేలా ఉసిగొల్పమనీ, అందులో తమ జాడ కనిపించకూడదనీ జర్మన్ భద్రతా విభాగపు అధిపతి హైడ్రిఖ్ జూన్ 29నే తన దళాలకు ఆదేశమిచ్చాడు. అంతకుముందు దాదాపు రెండేళ్లు సాగిన సోవియట్ ఆక్రమణలో జనం పడ్డ కష్టాలకు యూదులే కారణమన్న ప్రచారమూ బలంగా పాకింది. కానీ ఆ ప్రచారం పసిపిల్లల దాకా ఎలా వర్తించిందో ఎవరు చెప్పగలరు? మూడు రోజుల ముందే పక్కనున్న రాజివూఫ్‌లోనూ యూదులను ఇలాగే కొట్టంలో పెట్టి తగలబెట్టారు.

[తెరపై: పాత స్మారక శిల]

నిజం ఆనాడే తెలియనిది కాదు. ప్రాణాలతో బయటపడిన ష్ముల్ వాసెర్‌ష్టైన్ 1945లోనే వాంగ్మూలం ఇచ్చాడు. 1949లో దగ్గర్లోని వోమ్జా పట్టణంలో 22 మందిపై విచారణ కూడా జరిగింది. అయినా ఆ తర్వాత నిలిపిన శిల, 1,600 మంది యూదులను నాజీ పోలీసులే సజీవంగా తగలబెట్టారని దశాబ్దాల పాటు చెబుతూ వచ్చింది. పోలండ్ జాతీయ స్మృతి సంస్థ దర్యాప్తు 2002లో, కనీసం 340 మంది చనిపోయారనీ, జర్మన్ల ప్రేరణ ఉన్నా హత్యకు పాల్పడ్డవారు కనీసం 40 మంది పోలిష్ పురుషులనీ తేల్చింది.

ఆ ఊరి దగ్గర ఆంటొనినా విజికోవ్స్కా తన పొలంలో ఏడుగురు యూదులను జర్మన్ ఆక్రమణ ముగిసేదాకా దాచింది. అందుకు ఆమెకు దక్కింది పొరుగువారి చేతి దెబ్బలు. చివరికి ఆ ప్రాంతమే వదిలి వెళ్లాల్సి వచ్చింది.

[తెరపై: 2001 నాటి కొత్త స్మారకం]

2001 జూలై 10న అప్పటి పోలండ్ అధ్యక్షుడు క్వాష్నియెవ్స్కీ ఆ ఊళ్లోనే క్షమాపణ చెప్పారు. అప్పుడే ఆవిష్కరించిన కొత్త శిల పాత అబద్ధాన్ని తొలగించింది గానీ, యూదులు సజీవ దహనమయ్యారని చెప్పి, ఆ పని ఎవరు చేశారో మాత్రం రాయలేదు.