బోర్ల రిజిస్టరు ఎక్కడుంది?

(ప్రపంచ నీటి దినోత్సవం నాడు విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో అపార్ట్‌మెంట్ సంఘాల ఉమ్మడి సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఎండలో పడి వచ్చిన అక్కచెల్లెళ్ళకు, వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న కుర్రాళ్ళకు నమస్కారం. శాలువా కప్పినందుకు సంతోషం. మార్చి నెలాఖర్న విశాఖపట్నంలో శాలువా కప్పించుకుని కూర్చోవడం కూడా ఒక రకం ప్రజాసేవే. నన్ను పరిచయం చేసిన మాష్టారు అభిమానం కొద్దీ శాస్త్రవేత్తను చేసేశారు. కాదండీ. నేను భూగర్భ జలాల శాఖలో టేపు పట్టుకుని ఊళ్ళ వెంట బావులు కొలిచినవాణ్ణి. రిటైరయ్యాక మన కాలనీలో నీళ్ళ గొడవలు వింటున్నవాణ్ణి.

నాకిచ్చిన అంశం 'భూగర్భ జలాల సుస్థిర నిర్వహణ, ప్రభుత్వ పర్యవేక్షణ'. ఇరవై నిమిషాల ప్రసంగం రాసుకుని నిన్న రాత్రి మా ఆవిడకు చదివి వినిపించాను. రెండో పేజీలోనే ఆవిడ లేచి పప్పు నానబెట్టుకోవడానికి వెళ్ళిపోయింది. అందుకని ఆ కాగితాలు పక్కన పెట్టేసి మాట్లాడతాను.

ముందు మా పనేమిటో చెప్పాలి. పీజోమీటరు అని ఒక బోరు ఉంటుంది. అది నీళ్ళు తోడుకోవడానికి కాదు, నీటిమట్టం చూడ్డానికే వేసింది. దాంట్లోకి టేపు దింపుతాం. నీరు తగలగానే పైన బజర్ మోగుతుంది. ఎన్ని మీటర్ల లోతులో తగిలిందో పుస్తకంలో రాస్తాం. ఇప్పుడు చాలాచోట్ల ఆటోమేటిక్ యంత్రాలు వచ్చాయి, అవే కొలిచి పంపుతున్నాయి. ఏ పద్ధతైనా చూడాల్సిన అంకెలు ప్రధానంగా రెండు: వానలకు ముందు మే నెలది, వానలు వెళ్ళాక నవంబరుది. మే నుంచి నవంబరుకు మట్టం ఎంత పైకొచ్చిందో చూస్తే వాన ఎంత ఇంకిందో తెలుస్తుంది. నవంబరు నుంచి మళ్ళీ మేకి ఎంత కిందకి పోయిందో చూస్తే మనం ఎంత తోడేశామో తెలుస్తుంది. ఇందులో పెద్ద చదువేమీ లేదు.

పద్మనాభం వైపు ఒక ఊళ్ళో కొలుస్తుంటే గట్టు మీద కూర్చున్న మామ్మ అడిగింది: "ఏటి బాబూ, నెల్నెల్లా వొచ్చి కొల్సుకెల్తన్నావు. కొల్సినాక ఏటి సేత్తారు?" రిపోర్టు హైదరాబాదు పంపిస్తాం మామ్మా అన్నాను. అప్పట్లో రాజధాని అదే కదా. ఆవిడ కాసేపు ఆలోచించి, "మరి ఆ ఐద్రాబాదోలు మా నుయ్యి నింపుతారేటి?" అంది. దానికి జవాబు నా సర్వీసులో దొరకలేదు. ఈ సాయంత్రం మీతో మాట్లాడేది ఆ ప్రశ్న గురించే.

చట్టం లేదా అంటే, ఉంది. మొదట్లో లేదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం నుంచి మనకు వచ్చిన అలవాటేమిటంటే, నా నేల కింది నీరు నాది, ఎంతైనా తోడుకుంటాను అని. నేలకి సరిహద్దు రాయి ఉంది గానీ నీటికి ఎక్కడుందండీ? ఒకే కొబ్బరిబొండాంలో పదిమంది పది స్ట్రాలు వేసి, ఎవడి స్ట్రా వాడిది అన్నట్టు ఉంటుంది ఈ వాదన. భూగర్భ జలాల వాడకాన్ని అదుపు చేసే సంస్థ ఉండాలని 1996లో పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు చెప్పాక, 1997లో పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్ర భూగర్భ జల ప్రాధికార సంస్థ వచ్చింది. అయితే నీరు రాష్ట్రాల జాబితాలోది కాబట్టి మనకు మన చట్టం ఉంది. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం. అందరూ వాల్టా అంటాం. పేపర్లో ఎప్పుడు చూసినా చెట్లు కొట్టేసినప్పుడో, ఇసుక తోలుకుపోయినప్పుడో కనిపిస్తుంది తప్ప బోర్ల విషయంలో దాని పేరు వినపడదు.

ఆ చట్టంలో ఏముందో ఒక్కసారి వినండి. రాష్ట్రంలో ఉన్న ప్రతి బావినీ, ప్రతి బోరునీ యజమాని రిజిస్టరు చేయించాలి. మోటారు లేని బావిని కూడా. బోరు తవ్వే రిగ్గు యజమాని తన యంత్రాన్నీ రిజిస్టరు చేయించాలి. ప్రజలు తాగే నీటి వనరుకి 250 మీటర్ల లోపు పర్మిషన్ లేకుండా కొత్త బోరు వెయ్యకూడదు. నీరు మరీ లాగేసిన ప్రాంతాన్ని ప్రకటించి, అక్కడ కొత్త బోర్లు ఆపే అధికారం ఉంది. రాష్ట్ర స్థాయిలో, జిల్లాలో, మండలంలో కమిటీలు కూడా ఉన్నాయి. చదువుతుంటే కడుపు నిండిపోతుంది.

ఇప్పుడు మీరొక పని చెయ్యండి. మీ అపార్ట్‌మెంట్ బోరు ఎన్ని అడుగుల లోతో తెలిసినవాళ్ళు చెయ్యెత్తండి. నలుగురైదుగురు ఉన్నారు, అందరూ సెక్రటరీలే. సరే, ఆ బోరు రిజిస్ట్రేషన్ కాగితం చూసినవాళ్ళు? అదీ సంగతి. పక్కనాయన వైపు చూడకండి, ఆయనా ఎత్తలేదు.

మా కాలనీ కథ చెబుతాను. క్లుప్తంగానే. మా వీధి చివర ఒక కొత్త అపార్ట్‌మెంట్ లేచింది. ఒకరోజు రాత్రి పది దాటాక తమిళనాడు నంబరు ప్లేటుతో రిగ్గు లారీ వచ్చి నిలబడింది. ఆ లారీలు చాలావరకు తిరుచెంగోడు నుంచి వస్తాయి, దేశమంతా తిరుగుతాయి. ఆ కుర్రాళ్ళు కష్టజీవులు, వాళ్ళనేమీ అనను. కానీ రాత్రి పదింటికి ఎందుకొచ్చింది? పగలు ట్రాఫిక్కుకి అడ్డమట. మరి ఆ రాత్రి మా ఇళ్ళలో పసిపిల్లలు, బీపీ మాత్రలు వేసుకుని పడుకున్న ముసలాళ్ళు దేనికీ అడ్డం కాదట. తెల్లారేసరికి ఆరేసిన బట్టలన్నీ బూడిద రంగు. మా ఎదురింటావిడ పట్టుచీర సహా.

అర్ధరాత్రి లుంగీ మీద వెళ్ళి పర్మిషన్ కాగితం చూపించమన్నాను. మేస్త్రీ ఫోన్లో ఏదో చూపించాడు. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే అది బిల్డింగు ప్లాను ఫీజు రసీదు. బోరుదేదీ అన్నాను. "అదే సార్, అన్నీ అందులోనే ఉంటాయి" అన్నాడు. పొద్దున్నే ఒక ఆఫీసుకి వెళ్ళాను. అది మా పరిధి కాదన్నారు. వాళ్ళు చెప్పిన ఇంకో ఆఫీసుకి వెళ్తే, మీరు రాసిస్తే పై ఆఫీసుకి పంపుతామన్నారు. రాసిచ్చాను. ఏ ఆఫీసో పేర్లెందుకు లెండి. నేను ఆ కుర్చీల పక్కనే కూర్చుని ముసలాణ్ణయ్యాను. ఆ కుర్రాళ్ళకి జీపుల్లేవు, మనుషుల్లేరు, ఒక్కొక్కరి మీద నాలుగు పనులు. అర్జీ పెట్టిన బోరుకైతే మా శాఖ వాళ్ళు వచ్చి నేల చూసి రిపోర్టు ఇస్తారు. పద్ధతి ఉంది. అర్జీయే పెట్టని బోరుని ఎవరొచ్చి చూస్తారండీ? నేను మందలించి అడిగితే, "సార్, మీకు తెలియనిదేముంది" అన్నాడొకడు. నాకు తెలుసు. అందుకే కడుపు మంట.

మా అపార్ట్‌మెంట్ బోరు 180 అడుగులు. వాళ్ళది ఆరొందలు దాటింది. మరుసటి ఎండాకాలం మా మోటారు గాలి పీల్చింది. సంఘం మీటింగు పెట్టాం. నేను ఇంకుడు గుంతల గురించి, రిజిస్ట్రేషన్ గురించి చెప్పాను. అందరూ శ్రద్ధగా విని, వాళ్ళకంటే ఇంకో వంద అడుగులు కిందకి దింపుదామని తీర్మానం చేశారు. ఒక్క ఓటు తప్ప అన్నీ అనుకూలమే. ఆ ఒక్కటి నాది. రిగ్గు వచ్చింది, అదీ రాత్రే. దుమ్ము వచ్చింది, నీళ్ళు మాత్రం అంతంతమాత్రం.

ఎందుకొస్తాయండీ? మన కాళ్ళ కింద ఉన్నది తూర్పు కనుమల ఖొండలైటు రాయి. పైన కొంత మేర మెత్తబడి గుల్లబారిన పొర ఉంటుంది. వాన నీరు నిలిచేది ముఖ్యంగా అందులోనే. పాత నుయ్యిల్లో ఊరే నీరు అదే. దాని కింద గట్టి రాయి. అక్కడ నీరుంటే పగుళ్ళలో ఉండాలి, లేకపోతే లేదు. లోతుకి పోయేకొద్దీ పగుళ్ళు తగ్గుతాయి, కరెంటు బిల్లు పెరుగుతుంది. హుద్‌హుద్ తుఫాను గుర్తుందా? 2014 అక్టోబరు 12. కరెంటు లేక బోర్లన్నీ మూగబోయినప్పుడు, చేద వేసుకునే పాత బావి ఉన్న ఇంటి ముందు ఎంత క్యూ ఉండేదో మీలో చాలామందికి గుర్తుండాలి. ఆ బావుల్లో కొన్నింటిని తరవాత పూడ్చేసి కారు పార్కింగు చేసుకున్నాం.

సముద్రం మాట చెప్పకపోతే ఈ ఊళ్ళో ప్రసంగం పూర్తి కాదు. తీరం దగ్గర మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలబడితే, కింద సుమారు నలభై మీటర్ల వరకు మంచినీరు ఉంటుందని లెక్క. పైన ఆ ఒక్క మీటరు తోడేస్తే? కింద నుంచి ఉప్పునీరు నలభై మీటర్లు పైకి జరుగుతుంది. చెన్నై పక్కన మీంజూరులో ఇలాగే ఉప్పునీరు లోపలికి వచ్చేసింది. ఒకసారి వచ్చిందా, వెళ్ళగొట్టడం చాలా కష్టం. మనకీ బీచ్ వైపు బోర్లున్నవాళ్ళు టీ రుచి మారిందంటే పాలవాడి మీద పడకండి, ముందు బోరు నీళ్ళు టెస్టు చేయించండి.

చెన్నై పేరెత్తాను కాబట్టి ఇదీ చెప్పాలి. 2003లో అక్కడ ప్రతి ఇంట్లో వాన నీరు ఇంకించే ఏర్పాటు తప్పనిసరి అని గడువు పెట్టి మరీ చేయించారు. నీటిమట్టాలు పైకొచ్చాయి. ప్రభుత్వం తలుచుకుంటే అవుతుంది. అయినా 2019లో ఆ ఊరి జలాశయాలు ఎండిపోయి నీళ్ళ కోసం అల్లాడారు. ఇంకించడం ఒక్కటే చాలదు, తోడటానికీ లెక్క ఉండాలి. మన దగ్గర ఇంకుడు గుంత గురించి మంత్రి గారి నుంచి మనదాకా అందరం మాట్లాడతాం. ఫోటో బాగా వస్తుంది. తోడటం గురించి మాట్లాడితే ఎవరో ఒకరి మోటారు ఆపాలి. అందుకని మాట్లాడం. ఇంకించవద్దని నేననడం లేదు. వంద చదరపు మీటర్ల డాబా మీద వెయ్యి మిల్లీమీటర్ల వాన పడితే లక్ష లీటర్లు. మన ఊళ్ళో ఏడాదికి మామూలుగా అంత వాన పడుతుంది. అదంతా డ్రైనేజీలో కలిపి, ఏప్రిల్లో ట్యాంకరు వాడికి ఫోన్లు చేస్తాం.

'కార్పొరేషన్ నీళ్ళు చాలకే కదా బోర్లు' అని ముందు వరసలో అమ్మగారు అంటున్నారు. నిజమేనమ్మా. బోరు వద్దని నేను ఎవరికీ చెప్పను. మేఘాద్రిగెడ్డ జలాశయంలో నీరు ఎన్ని అడుగులుందో, తాటిపూడిలో, రైవాడలో ఎంతుందో ప్రతి ఎండాకాలం పేపర్లో చదువుతాం. చదివి టెన్షన్ పడతాం, పొదుపు చేస్తాం. మన కాళ్ళ కింద ఎంతుందో ఏ పేపర్లోనూ చదవం. కొలతలే లేకపోతే సరే అనుకోవచ్చు, కానీ కొలతలు ఉన్నాయి! నాలాంటి వాళ్ళు జీవితమంతా అదే పని చేశారు. కొలిచినదాన్ని బట్టి మండలాలకి పేర్లు పెడతారు: ఏటా చేరే నీటిలో 70 శాతం దాకా తోడితే సురక్షితం, 90 దాకా పాక్షిక సంక్లిష్టం, 100 దాకా సంక్లిష్టం, దాటితే మితిమీరిన వాడకం. అది మొత్తం ప్రాంతానికి సగటు. మన వీధిలో మూడు బోర్లు ఎండిపోయినా కాగితం మీద మనం సురక్షితంగానే ఉండొచ్చు.

ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి ఏడు కరువు జిల్లాల్లో రైతులే తమ బావులు కొలుచుకున్న పథకం ఒకటి నడిచింది. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయం చేసింది. రైతులు వాన కొలిచారు, బోరు మట్టం కొలిచారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీటికి ఏ పంట ఎంత వెయ్యొచ్చో లెక్క వేసుకున్నారు. ఎవరూ లాఠీ పట్టుకుని రాలేదు. అయినా చాలా ఊళ్ళలో వరి తగ్గించి తక్కువ నీటి పంటలకి మళ్ళారు. పెద్దగా చదువుకోని రైతులు తాము కొలుచుకున్న అంకెలు చూసి మారారు. ఇంజినీర్లు, ఆడిటర్లు ఉన్న మన అపార్ట్‌మెంట్లకి ఆ అంకెలు ఎందుకు అక్కర్లేదో నాకు అర్థం కాదు.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. అయిపోయింది సార్. నేను అడిగేది ఒక్కటే. మన వార్డు సచివాలయం బయట గోడ మీద రెండు కాగితాలు అంటించమని అడుగుదాం. ఒకటి, ఈ వార్డులో రిజిస్టరైన బోర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎంత లోతో. రెండోది, దగ్గర్లోని పీజోమీటరులో నెలనెలా నీరు ఎంత లోతున ఉందో. ఆ జాబితాలో లేని బోరుకి రిగ్గు వచ్చిందంటే అర్ధరాత్రి నేనొక్కణ్ణే లుంగీ కట్టుకుని వెళ్ళక్కర్లేదు, వీధంతా వెళ్ళొచ్చు. ఇది కొత్త వరమేమీ కాదు. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను ప్రకారం అడగకుండానే బయటపెట్టాల్సిన బాధ్యత ఆఫీసుల మీద ఉంది. అడిగినా ఇవ్వకపోతే అప్పీలు చేద్దాం, ఆ కాగితాలు రాసే పని నాది.

అయితే ముందు మన బోర్లు రాసివ్వాలి. మనది దాచుకుని పక్కవాడిది అడిగితే ఎవరూ లెక్కచెయ్యరు. అర్జీ, సంతకాల కాగితం ఆ గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. సంతకం పక్కన ఫ్లాటు నంబరు, దాని పక్కన మీ బోరు లోతు రాయండి. లోతు తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదిలి, రేపు వాచ్‌మన్‌ని అడిగి నాకు ఫోన్ చెయ్యండి. పెన్ను మాత్రం తిరిగి బల్ల మీదే పెట్టండి, అది మాష్టారిది.