జ్ఞా దగ్గర ఆగిపోయిన ఫోన్లు

సభకు నమస్కారం.

2018 ఫిబ్రవరి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 'జ్ఞా' ఉన్న ఒక మెసేజ్ వస్తే చాలు, ఐఫోన్‌లో యాప్ మూసుకుపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ అంతే. మ్యాక్‌లోనూ అదే గొడవ. ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం ఏమీ కాలేదు. ఆ నెలలోనే ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. ఈలోగా తెలుగు అక్షరమే ఫోన్లను పాడుచేస్తోందన్న మాట ఊరంతా తిరిగింది. నాకు చాలా కష్టమనిపించింది, అక్షరం చేసిన తప్పేముంది?

ప్రతి అక్షరానికీ, గుర్తుకీ ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి యూనికోడ్. అందులో 'జ్ఞా' అంటే జ, పొల్లు, ఞ, దీర్ఘం. నాలుగూ విడివిడి సంఖ్యలే. వాటిని కలిపి మన కంటికి ఒక్క అక్షరంగా గీసే పని ఆపరేటింగ్ సిస్టమ్‌ది. ఆపిల్‌లో దాన్ని కోర్‌టెక్స్ట్ చేస్తుంది, లినక్స్‌లో, ఆండ్రాయిడ్‌లో హార్ఫ్‌బజ్. విండోస్‌ది ఇంకో దారి. ఆ మెసేజ్‌లో దీర్ఘానికి ముందు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని గుర్తు ఉంది. దాన్ని గీయబోయి కోర్‌టెక్స్ట్ తడబడింది, యాప్ మూసుకుపోయింది. ఆ గుర్తు వింత వస్తువేమీ కాదు. 'సాఫ్ట్‌వేర్' అని రాసినప్పుడు ట కింద వ వత్తు చేరకుండా ఆపేది అదే. రోజూ మనం వాడుతున్నదే.

యూనికోడ్‌కు ముందు సంగతి మరీ దారుణం. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టిన ఫాంట్లతో డీటీపీ చేసేవాళ్లం. మా నాన్నగారి వ్యాసాలు అలా కంపోజ్ చేయించినవే. ఏళ్ల తర్వాత ఆ ఫాంటు లేని లినక్స్ కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు. కన్వర్టర్‌తో మారిస్తే వత్తులు తప్పాయి. చివరికి అచ్చు ప్రతి ముందు పెట్టుకుని అమ్మా నేనూ పేజీ పేజీ సరిచూశాం. ఆయన ఉండగానే చేసి ఉండాల్సిన పని.

యాప్‌లు రాసే పిల్లలున్నారు ఇక్కడ. మీ యాప్‌లో 'స్త్రీ', 'లక్ష్మి', 'రాష్ట్రం', 'సాఫ్ట్‌వేర్' టైపు చేసి చూడండి. విండోస్‌లో చూసి ఊరుకోవద్దు, మ్యాక్‌లో, లినక్స్‌లో, రెండు రకాల ఫోన్లలో చూడండి. బ్యాక్‌స్పేస్ కొడితే ఏం పోతోందో, పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే ఏం వస్తోందో కూడా. హార్ఫ్‌బజ్ కోడ్ అందరికీ తెరిచే ఉంది, లోపం కనిపిస్తే ఎవరైనా తెలియజేయవచ్చు. అలా రాసేటప్పుడు స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకండి. ఆ పదాన్ని టెక్స్ట్‌గా కూడా జతచేయండి. బొమ్మలో ఆ కనపడని గుర్తు ఎవరికీ దొరకదు.