ముందు అయిదు నిమిషాలు కూర్చోండి
(ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న పర్లాకిమిడిలో గర్భిణులు, వాళ్ల అమ్మలు, అత్తల ముందు చేసిన ప్రసంగం)

అమ్మలకీ, అత్తలకీ, కడుపుతో ఉన్న అమ్మాయిలకీ నమస్కారం. గుమ్మం దగ్గర నించున్న అబ్బాయిలూ, మీరు కూడా లోపలికొచ్చి కూర్చోండి. మీతోనూ పనుంది.

నేను డాక్టర్ని కాదు, నర్సుగా చేసి రిటైరైనదాన్ని. కడుపుతో ఉన్నప్పుడు వచ్చే బీపీకి ధ్యానం, ఊపిరి కసరత్తు, ఒళ్లు సడలించుకోవడం పనిచేస్తాయా అన్నదాని మీద మాట్లాడమన్నారు. పనిచేస్తాయి. ఎంతవరకు అన్నదగ్గరే నా గొడవంతా.

ఓసారి కాశీనగరం వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఏడో నెల. బస్సు దిగి, ఎండలో నడిచి, మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూలబడింది. సంచీ ఇంకా భుజం మీదే ఉంది. కొత్తగా చేరిన సిస్టరు గబగబా పట్టీ చుట్టేసి గాలి కొట్టింది. 148/94. పిల్ల మొహం పాలిపోయింది. "నాకేటీ నేదప్పా, బానే ఉన్నాను" అంటూనే కళ్లనీళ్లు పెట్టుకుంది. సంచీ తీయించాను. బాత్రూముకి వెళ్లి రమ్మన్నాను. వీపు కుర్చీకి ఆనించి, కాలు మీద కాలు తీయించి, పాదాలు నేలకి ఆన్చి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టించాను. మాట్లాడొద్దన్నాను. పక్కనే వాళ్లత్త ఉంది కాబట్టి అదే అన్నిటికన్నా కష్టమైంది. పది నిమిషాల తర్వాత చూస్తే 128/82.

అంటే మొదటి అంకె బస్సుదీ, మెట్లదీ, భయానిదీ. బీపీ చూసేముందు కనీసం అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలన్నది పరీక్ష నియమమే. ఎవరైనా తొందరపడితే "ఒక్క అయిదు నిమిషాలాగండమ్మా" అని మీరే అడగండి. తప్పు కాదు. చెయ్యి లావుగా ఉంటే పెద్ద పట్టీ అడగండి. పట్టీ చిన్నదైతే అంకె లేనిపోని ఎక్కువ చూపిస్తుంది.

ఇంకో అమ్మాయి సంగతి వేరు. ఆమెనీ అలాగే కూర్చోబెట్టాను. మూడుసార్లు చూశాను. 158/104 నుంచి కదల్లేదు. మూత్రంలో ప్రొటీను రెండు ప్లస్సులు. అప్పుడు బయటపడింది అసలు విషయం: పొద్దున్నా సాయంత్రం ధ్యానం చేస్తున్నాననీ, మనసు హాయిగా ఉందనీ, అందుకని బీపీ బిళ్ళ మానేశాననీ. ఆ రోజే ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఇంజెక్షను మొదటి మోతాదు వేసి బరంపురం పంపించాం. తల్లీ బిడ్డా బతికారు. మానేసింది ధ్యానమైతే నాకు ఇంత కోపం వచ్చేది కాదు.

ఎందుకలా? ఈ బీపీ పుట్టుక చాలామందిలో మాయ దగ్గరుంది, అంటే కడుపులో బిడ్డకి తిండీ గాలీ అందించే, పురుడయ్యాక బయటపడే ఆ మాయ దగ్గర. మొదటి నెలల్లో గర్భసంచిలోని సన్నటి రక్తనాళాలు వెడల్పై మాయకి ధారాళంగా రక్తం ఇవ్వాలి. అవి సరిగ్గా వెడల్పవ్వకపోతే మాయకి రక్తం చాలదు. అప్పుడది తల్లి రక్తంలోకి వదిలే పదార్థాలు ఒళ్లంతా ఉన్న నాళాల లోపలి పొరని దెబ్బతీస్తాయి. బీపీ పెరుగుతుంది, మూత్రంలో ప్రొటీను పోతుంది, ముదిరితే ఫిట్స్ వస్తాయి. మన పెద్దవాళ్లు గుర్రపువాతం అన్నది దీన్నే. ఇది బెంగ వల్ల వచ్చిన జబ్బు కాదు. అత్తలూ, ఇది మీక్కూడా: "ఊరికే దిగులు పెట్టుకుంటావు, అందుకే నీకు బీపీ" అని ఆ పిల్లని అనకండి. తప్పు తనది కాదు.

మరి సడలింపు ఏం చేస్తుంది? భయం, ఆయాసం పెంచిన కొసరుని దించుతుంది. నిద్ర పట్టిస్తుంది. ఒళ్లు బిగించి వదిలే పద్ధతిని అమెరికా డాక్టరు ఎడ్మండ్ జేకబ్‌సన్ 1929లో పుస్తకంగా రాశాడు. 1984లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో, బీపీ ఉన్న గర్భిణులకి సడలింపు నేర్పిస్తే ఆస్పత్రిలో చేరాల్సిన అవసరం తగ్గిందని ఒక చిన్న అధ్యయనం వచ్చింది. చిన్నదే సుమా. దాన్ని పట్టుకుని బిళ్ళలు పారేయకూడదు.

చేసే తీరు చెప్తాను. శవాసనంలాగ వెల్లకిలా వద్దు. అయిదో నెల దాటాక వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు వెనకనున్న పెద్ద సిరని నొక్కుతుంది, కళ్లు తిరుగుతాయి. ఎడమ పక్కకి తిరిగి, మోకాళ్ల మధ్య ఒక తలగడ పెట్టుకోండి, లేదా కుర్చీలో ఆనుకోండి. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి తీసుకోండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. మధ్యలో బిగబట్టొద్దు. కపాలభాతి అసలే వద్దు. తర్వాత పిడికిలి: తడి చీర పిండినట్టు గట్టిగా కాదు, జాకెట్టు ముక్క పిండినంత. గట్టిగా బిగిస్తే ఆ కాసేపు బీపీ పెరుగుతుంది. అయిదు లెక్కపెట్టి వదిలేయండి. వేళ్లు వాటంతటవే తెరుచుకోవాలి. తర్వాత భుజాలు, తర్వాత దవడ. మనాడవాళ్లు కోపమంతా దాచుకునేది ఆ దవడలోనే. పది నిమిషాలు, రోజుకి రెండుసార్లు చాలు.

అలాగని మంచానికి అంటుకుపోకండి. రోజంతా పడుకోబెడితే ఈ జబ్బు ఆగుతుందని రుజువు లేదు, పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం. ఉప్పు పూర్తిగా మానేయమనీ ఎవరూ చెప్పడంలేదు. ఎండుచేప, ఊరగాయ తగ్గించండి, పఖాళొలో, అదే చద్దన్నంలో, గుప్పెడు ఉప్పు వేసుకోకండి, అంతే. కాల్షియం బిళ్ళలు మాత్రం మానొద్దు. ఈ బీపీ రాకుండా అవి కొంత కాస్తాయి. ఐరన్ బిళ్ళతో కలిపి మింగకండి. చోడి (రాగి) అంబలి తాగితే ఇంకా మంచిది.

అయిదో నెల తర్వాత 140/90, నాలుగు గంటలు ఆగి చూసినా అంతే ఉంటే అది బీపీయే. 160/110 కనిపిస్తే కళ్లు మూసుకుని ఊపిరి లెక్కపెట్టకండి, 108కి ఫోన్ చెయ్యండి. అంకె ఎంతున్నా సరే, ఆగని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, చూపు మసకబారడం, పక్కటెముకల కింద నొప్పి, మొహం చేతులు ఒక్కసారిగా ఉబ్బడం, బిడ్డ కదలిక తగ్గడం... వీటిలో ఏ ఒక్కటున్నా 108కే ఫోన్ చెయ్యండి.

ఇక్కడ మనకొక చిక్కుంది. డాక్టరుగారికి ఒడియా, మనకి తెలుగు. "ముండొ బింధుచి" అనాలి తలనొప్పికి. మన పిల్లలకి ఆ మొదటి మాట నోట్లోంచి రాదు! అందుకని "ఏమీ లేదు" అని వచ్చేస్తారు. నవ్వండి, కానీ ఆ ముక్క నేర్చుకోండి. చూపు మసకైతే "ఆఖికు ఝాప్సా దిశుచి". రాకపోతే కంటి మీదా, తల మీదా చెయ్యి పెట్టి చూపించండి.

దానికన్నా పెద్ద చిక్కు ఏరు. 1936లో ఒడిశా విడిపోయినప్పుడు సరిహద్దు గీత గీసినవాళ్లు పర్లాకిమిడిని ఇటు, పాతపట్నాన్ని అటు పెట్టారు. మన పిల్లల పుట్టిళ్లు మాత్రం గీత చూసుకోలేదు. ఏడో నెలలో గాజులు తొడిగి మహేంద్రతనయ అవతలికి పంపిస్తాం. సరిగ్గా ఈ జబ్బు తలెత్తే నెలల్లోనే పిల్ల ఊరు మారుతుంది. బీపీ రాసే గర్భిణి కార్డు అత్తింటి బీరువాలో, బిళ్ళలు అయిపోయి, అటువైపు సిస్టరుకి ఈమె బీపీ నిన్న మొన్న ఎంతో తెలీదు. సారెతోపాటు కార్డు కూడా పెట్టండి, నెలకి సరిపడా బిళ్ళలు పెట్టండి. దిగిన వారంలోపు అక్కడ బీపీ చూపించుకోమనండి. పురుడయ్యాక కూడా ఆరువారాల దాకా ఇది రావచ్చు, బాలింత తలనొప్పి అంటే పసరు రాసి ఊరుకోకండి.

అబ్బాయిలూ, మీ పని ఇదే: కార్డు ఫోటో మీ ఫోన్లో ఉండాలి. పది నిమిషాలు ఆవిడ కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు పొయ్యి మీద పాలు మీరు చూసుకోవాలి.

సరే, ఇప్పుడందరూ వెనక్కి ఆనుకోండి. పాదాలు నేల మీద. నాలుగు లెక్కపెడుతూ గాలి తీసుకోండి... ఆరుకి వదలండి. సిస్టరు ఆ మూల బల్ల దగ్గర మిషను పెట్టుకుని కూర్చున్నారు. అయిదు నిమిషాలయ్యాక ముందు వరసవాళ్లు ఒక్కొక్కరే రండి, మాట్లాడకుండా.