‘ది ట్రిప్ టు ఇటలీ’ కొందరికి ఎందుకు అంత నచ్చింది, కొందరికి ఎందుకు విసుగొచ్చింది?

[తెర మీద: ఇటలీ మ్యాప్. ఉత్తరాన పీడ్‌మాంట్ నుంచి దక్షిణాన కాప్రీ దీవి దాకా సాగే గీత]

ఇద్దరు బ్రిటిష్ హాస్యనటులు ఇటలీ తిరుగుతూ, భోజనాల బల్ల దగ్గర మిమిక్రీ చేసుకునే ‘ది ట్రిప్ టు ఇటలీ’ గురించి ఇద్దరిని అడిగితే రెండు వేర్వేరు సినిమాల గురించి విన్నట్టుంటుంది. మొదటి భాగం ‘ది ట్రిప్’ కన్నా ఇదే లోతుగా ఉందని ఒకరంటారు. మళ్ళీ అదే భోజనం, అదే మిమిక్రీ, ఇంతకీ కథేదని ఇంకొకరు అడుగుతారు.

సగం తగాదా సినిమాలో లేదు. ఎవరు ఏ రూపంలో చూశారన్నదాంట్లో ఉంది.

[తెర మీద: ఒకవైపు ‘6 ఎపిసోడ్లు’, మరోవైపు ‘108 నిమిషాలు’]

2014 జనవరిలో ఇది అమెరికాలోని సన్‌డాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్లో సినిమాగా వచ్చింది. ఏప్రిల్‌లో బీబీసీ టూలో ఆరు ఎపిసోడ్ల సిరీస్‌గా మొదలైంది. ఎపిసోడ్ అరగంట చొప్పున సిరీస్ దాదాపు మూడు గంటలు. సినిమా 108 నిమిషాలే. గంటకు పైగా ఎగిరిపోయింది! ఆ పోయిన గంటలో ఎక్కువ భాగం ఊరికే తీరిగ్గా సాగే మాటలు. సిరీస్‌లో వారానికి ఒక భోజనం. వారం ఆగాక, వీళ్ళు అనుకరించే బ్రిటిష్ నటుడు మైకేల్ కెయిన్ గొంతు మళ్ళీ వినపడితే బాగుంటుంది. సినిమాలో ఒక బల్ల దగ్గర్నుంచి లేచి ఇంకో బల్ల దగ్గర కూర్చునేలోపే అదే గొంతు మళ్ళీ. బ్రిటన్లో చాలామంది సిరీస్ చూశారు, అమెరికాలో సినిమా చూశారు. విసుగొచ్చిందన్నవాళ్ళని తప్పు పట్టే ముందు వాళ్ళు చూసింది ఏదో కనుక్కోవాలి.

[తెర మీద: బల్లకు అటూ ఇటూ రెండు కుర్చీలు]

కొత్తవాళ్ళకి క్లుప్తంగా. స్టీవ్ కూగన్, రాబ్ బ్రైడన్ ఇద్దరూ బ్రిటిష్ హాస్యనటులు. డైరెక్టర్ మైకేల్ వింటర్‌బాటమ్. 2010లో వచ్చిన మొదటి భాగంలో ఇద్దరూ ఒక పత్రిక కోసం ఉత్తర ఇంగ్లండ్ హోటళ్ళు తిరుగుతారు. ఈసారి ఇటలీ. సొంత పేర్లతోనే కనిపిస్తారు, మాటలు చాలావరకు అప్పటికప్పుడు అల్లుకున్నవి. కానీ ఇది డాక్యుమెంటరీ కాదు. భార్య, కొడుకు, అసిస్టెంటు అంతా నటులే. ఇది తెలియక, వీళ్ళ సొంత సంసారాలు బయట పెట్టారేంటని ఇబ్బంది పడినవాళ్ళున్నారు.

ఇప్పుడు మిమిక్రీ. ఎక్కువ గొడవ దీని మీదే.

మనకు మిమిక్రీ అంటే వరంగల్ నేరెళ్ళ వేణుమాధవ్ గారి దగ్గర్నుంచీ వేదిక మీద ఒక్కరే నిలబడి పది గొంతులు పలికించడం. ఇక్కడ అది తిరగబడుతుంది. ఒకే గొంతును ఇద్దరూ పట్టుకుని, నీది తప్పు, నాది సరైనది అని పోటీ పడతారు. మొదటి భాగంలో మైకేల్ కెయిన్ గొంతు వయసుతో పాటు ఎలా బరువెక్కిందో, చుట్టలు దాన్ని ఏం చేశాయో బ్రైడన్ విడమర్చి చెప్తాడు. కూగన్ దాన్ని దిద్దుతాడు. నవ్వు ఆ పంతంలో ఉంది, గొంతు అచ్చుగుద్దినట్టు ఉందా లేదా అన్నది తర్వాతి మాట.

ఇటలీలో మొదటి భోజనానికే బ్యాట్‌మ్యాన్ వస్తాడు. 2012 నాటి ‘ది డార్క్ నైట్ రైజెస్’లో మాస్కు వెనక టామ్ హార్డీ మాటలు అర్థం కావడం లేదన్నదే జోకు. ఆ సినిమా చూడకపోతే ఆ సీను మొత్తం నీరుగారిపోతుంది. సబ్‌టైటిల్స్ కూడా ఆదుకోవు, అవి మాటలనే ఇస్తాయి, గొంతును ఇవ్వవు. అందుకే ముందు రోజు హార్డీ సీన్లు రెండు మూడు, ‘గాడ్‌ఫాదర్’లో అల్ పచీనో సీను ఒకటి చూసి కూర్చోండి. పావుగంట పని. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇంకా మంచిది.

[తెర మీద: గాజు పెట్టెలో పడుకున్న ప్లాస్టర్ ఆకారం]

పాంపేలో సీను మీద మాత్రం రెండు వర్గాలూ గట్టిగానే నిలబడతాయి. క్రీస్తుశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద చనిపోయినవాళ్ళ శరీరాలు కరిగి, లోపల ఖాళీలు మిగిలాయి. 19వ శతాబ్దంలో వాటిలో ప్లాస్టర్ పోసి ఆకారాలు తీశారు. అలాంటి ఒక మనిషి ముందు నిలబడి బ్రైడన్, పెట్టెలో చిక్కుకున్న బుల్లి మనిషి గొంతుతో మాట్లాడతాడు. చావుతో ఆటలా అని కొందరికి కోపం. కానీ కూగన్ మొహం చూడండి. ప్రేక్షకుడి చిరాకును సీను ముందే లోపల పెట్టుకుంది. నవ్వించడం ఆపలేని మనిషి చావు ముందు కూడా ఆపలేకపోతున్నాడు. నా లెక్కలో ఈ భాగంలోకెల్లా నిజాయితీ ఉన్న సీను ఇదే.

తిండి గురించి ఫిర్యాదు న్యాయమైనదే. వంటగదిలో కుతకుతలు కనిపిస్తాయి, పళ్ళేలు వస్తాయి, ఆ పదార్థమేంటో వీళ్ళు చెప్పరు. వంటకాల కోసం చూసేవాళ్ళకి ఇది సరిపోదు. శాన్ ఫ్రుత్తువోజో లాంటి చోటు, పడవలోనో కాలిబాటనో తప్ప చేరలేని చిన్న తీరం, చూపించి కూడా అక్కడికెలా వెళ్ళాలో చెప్పరు.

[తెర మీద: సముద్రం, సాయంత్రం]

ఇక మెచ్చుకునేవాళ్ళు దేన్ని పట్టుకున్నారు? పాత్రలు తారుమారవడాన్ని. మొదటి భాగం చివర కూగన్ ఒంటరిగా తన ఖాళీ ఫ్లాటుకి చేరతాడు, బ్రైడన్ భార్యాబిడ్డల దగ్గరికి. ఇటలీలో తప్పటడుగు వేసేది బ్రైడన్. కూగన్ నెమ్మదిస్తాడు, కొడుకుతో గడపాలనుకుంటాడు. ఇంగ్లిష్ కవులు బైరన్, షెల్లీల జాడలు వీళ్ళు వెతకడం కూడా ఊరికే కాదు. షెల్లీ 1822లో ఈ తీరంలోనే మునిగిపోయాడు, 29 ఏళ్ళకే. బైరన్ 36కే పోయాడు. కూగన్, బ్రైడన్ ఇద్దరూ 1965లో పుట్టినవాళ్ళు, అప్పటికి యాభైకి దగ్గరపడ్డారు. అమ్మాయిలు తమని చూడటం మానేశారన్న మాట ఆ కవుల పక్కన పెట్టి వింటే బరువుగా తగులుతుంది. మొదటి భాగం చూడకుండా నేరుగా ఇది చూసినవాళ్ళకి ఈ తారుమారు తెలియదు. వాళ్ళకి కథ లేదనిపించడంలో వింత లేదు.

ముగింపు మీద అసంతృప్తి ఉన్నవాళ్ళతో మాత్రం ఏకీభవించాల్సిందే. బ్రైడన్ చేసినదానికి ఇంట్లో ఏమైందో చెప్పకుండానే ఆగిపోతుంది. 2017లో వచ్చిన ‘ది ట్రిప్ టు స్పెయిన్’ మొదట్లో అతని కాపురం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది, ఇటలీ సంగతి ఊసే లేదు. తెరిచి వదిలేయడం వేరు, మర్చిపోవడం వేరు.

[తెర మీద: వరుసగా ‘2010’, ‘2014’, ‘2017’, ‘2020’]

చూడాలనుకుంటే 2010 భాగంతో మొదలుపెట్టండి. ఇటలీది సిరీస్ దొరికితే అదే చూడండి, రోజుకి ఒక ఎపిసోడ్, మించొద్దు. సినిమానే దొరికితే మధ్యలో, రోమ్ చేరేచోట, ఆపి మర్నాడు మిగతాది చూడండి. 2020 నాటి గ్రీసు భాగాన్ని మాత్రం చివరికే ఉంచుకోండి.