నైన్త్ గ్రేడ్ మార్కులు కాలేజీ దాకా వెంట వస్తాయా?

[డైనింగ్ టేబుల్ మీద ఒక కాగితం. కెమెరా దగ్గరికి వెళ్తుంది.]

నమస్కారమండీ. ఇది మా అమ్మాయి హైస్కూలు మార్కుల పత్రం, అంటే ట్రాన్‌స్క్రిప్ట్. పై వరస చూడండి. నైన్త్ గ్రేడ్, మొదటి సెమిస్టర్, ఇంగ్లిష్: సీ ప్లస్. హైదరాబాద్ నుంచి అమెరికా వచ్చి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు. పాఠం అంతా పొల్లుపోకుండా రాసింది. టీచర్ మాత్రం పక్కన ఎర్ర ఇంకుతో "ఇందులో నీ అభిప్రాయం ఏది?" అని రాశారు. ఆ రాత్రి "నాన్నా, నా కాలేజీ పోయినట్టేనా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఒక్కొక్కటీ చదివి తెలుసుకున్నదే ఇప్పుడు చెప్తున్నాను.

మనం చదువుకున్న రోజుల్లో తొమ్మిదో తరగతి మార్కులు ఎవరు అడిగారు? ఎంసెట్‌లో మంచి ర్యాంకు వస్తే వెనకటివన్నీ మాఫీ. అమెరికాలో అలా కుదరదు. హైస్కూలు 9 నుంచి 12 దాకా నాలుగేళ్లు. సబ్జెక్టుల్లో వచ్చే ప్రతి గ్రేడూ ఆ కాగితం మీద ఉండిపోతుంది. పైగా అప్లికేషన్లు పెట్టేది 12వ గ్రేడ్ మొదలైన కొద్ది నెలల్లోనే. అప్పటికి పూర్తయ్యేవి మూడేళ్లే కాబట్టి, కాలేజీలు చూసే గ్రేడ్లలో దాదాపు మూడో వంతు నైన్త్‌వే.

[స్క్రీన్ మీద రెండు వరసల అంకెలు]

ఏ అంటే 4 పాయింట్లు, బీ 3, సీ 2. ఒక అబ్బాయికి మూడేళ్లలో 3.0, 3.7, 4.0 వచ్చాయనుకోండి. ఒక అమ్మాయికి అవే తిరగేసి 4.0, 3.7, 3.0. ఇద్దరి జీపీఏ, అంటే సగటు పాయింట్లు, 3.57. కానీ అప్లికేషన్ చదివే మనిషికి ఇద్దరూ ఒకేలా కనబడరు. అబ్బాయి కుదురుకుని పైకొస్తున్నాడు. అమ్మాయికి లెవెన్త్‌లో ఏమైందో అన్న ప్రశ్న వస్తుంది. అప్లికేషన్ మొత్తం చదివి నిర్ణయించే కాలేజీల్లో ఈ తేడాకి విలువ ఉంది.

అన్ని చోట్లా ఒకే లెక్క కాదు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు జీపీఏ కట్టేటప్పుడు 9వ గ్రేడ్ తర్వాతి వేసవి నుంచి 11వ గ్రేడ్ తర్వాతి వేసవి దాకా వచ్చిన గ్రేడ్లనే తీసుకుంటాయి. నైన్త్ అందులోకి రాదు. అలాగని వదిలేయొద్దు. నైన్త్ కోర్సులు కూడా అప్లికేషన్‌లో రాయాలి, వాళ్లు తప్పనిసరిగా అడిగే సబ్జెక్టుల్లో సీ లేదా అంతకంటే మంచి గ్రేడ్ ఉండాలి. ఇంగ్లిష్‌లో డీ వస్తే వేసవిలోనైనా మళ్లీ చదివి సరిచేసుకోవడం మంచిది.

టెక్సస్‌లో కథ వేరు. అక్కడ 1997లో వచ్చిన చట్టం ప్రకారం క్లాసులో పై 10 శాతంలో ఉన్న పిల్లలకి ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా సీటు. యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఆస్టిన్ క్యాంపస్‌కి మాత్రం హద్దు ఇంకా కఠినం. 2026లో చేరేవాళ్లకి అది 5 శాతం. ఈ ర్యాంకు లెవెన్త్ చివరికల్లా తేలిపోతుంది. నైన్త్‌లో తగ్గిన పాయింట్లు పూడ్చుకోవడానికి రెండేళ్లే ఉంటాయి. సీటు ఖాయమైనా కోరుకున్న మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, ఖాయం కాదు. కంప్యూటర్ సైన్స్ ఆశించేవాళ్లు ఇది మరచిపోవద్దు.

[బోర్డు మీద మెట్లు]

గ్రేడ్ కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మ్యాథ్ వరస. ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీక్యాలిక్యులస్, ఆపైన క్యాలిక్యులస్. నైన్త్‌లో జామెట్రీతో మొదలుపెడితే ట్వెల్త్‌కి క్యాలిక్యులస్ అందుతుంది. ఆల్జీబ్రా 1తో మొదలుపెడితే ప్రీక్యాలిక్యులస్ దగ్గరే ఆగుతుంది, వేసవిలో ఒక కోర్సు చేస్తే తప్ప. ఇంజనీరింగ్‌కి వెళ్లాలనుకునే పిల్లలకి ఇది చిన్న విషయం కాదు. ఇండియా నుంచి వచ్చిన పిల్లల్ని ఏ మెట్టు మీద కూర్చోబెట్టారో మొదటి వారంలోనే స్కూలు కౌన్సెలర్‌ని అడగండి. అవసరమైతే ఏ మెట్టు సరిపోతుందో చూసే ప్లేస్‌మెంట్ టెస్ట్ పెట్టమనండి. అడగడానికి మొహమాటపడకండి.

మా అమ్మాయి రెండో సెమిస్టర్‌లో బీ, టెన్త్‌లో ఏ తెచ్చుకుంది. ఆ సీ ప్లస్ ఇంకా అక్కడే ఉంది. అప్లికేషన్‌లో అదనపు సమాచారం రాసేచోట దేశం మారిన సంగతి మూడు వాక్యాల్లో రాస్తానంటోంది. అంతకుమించి అక్కర్లేదు.

హైదరాబాద్, విజయవాడల నుంచి నేరుగా అమెరికా కాలేజీలకి అప్లై చేసే పిల్లలకి ఒక మాట. సాధారణంగా మీ దగ్గర కూడా 9 నుంచి 12 దాకా మార్కులు అడుగుతారు. మన పిల్లలు చాలామంది పదో తరగతి అవ్వగానే స్కూలు వదిలి జూనియర్ కాలేజీలో చేరతారు, తొమ్మిదో తరగతి మార్కులు పాత స్కూల్లోనే ఉండిపోతాయి. టీసీ తీసుకునే రోజునే ఆ మార్కుల కాపీలు అడిగి, ప్రిన్సిపల్ సంతకం, స్కూలు స్టాంపు వేయించి ఇంట్లో పెట్టుకోండి.