లాప్‌టాప్‌తో వచ్చే విండోస్ నిజంగా ఫ్రీయేనా?

(తెర మీద: గుంటూరు బ్రాడీపేట, సాయంత్రం. కంప్యూటర్ షాపు ముందు ఆగిన బళ్లు.)

పోయిన నెల మా బాబాయ్‌తో కలిసి ఇక్కడే ఒక షాపుకి వెళ్లాను. చెల్లి ఇంజనీరింగ్‌లో చేరింది, లాప్‌టాప్ కావాలి. షాపు అబ్బాయి మోడల్ చూపిస్తూ, "విండోస్ ఫ్రీ సార్" అన్నాడు. బాబాయ్ వెంటనే పిన్నికి ఫోన్ చేసి, "విండోస్ ఫ్రీగా ఇస్తున్నారంట" అని చెప్పేశాడు.

నేను ఒక్కటే అడిగాను. "ఇదే మోడల్ విండోస్ లేకుండా ఎంత?"

"డాస్‌ది, అంటే విండోస్ వేయనిది అయితే మూడు నాలుగు వేలు తగ్గుద్ది సార్. స్టాక్ లేదు, తెప్పించాలి."

ఫ్రీ అయితే, అది లేనప్పుడు ధర ఎందుకు తగ్గాలి?

(తెర మీద: లాప్‌టాప్ బిల్లు, వివరాలు కప్పేసి.)

ఈ బిల్లు చూడండి. లాప్‌టాప్ అని ఒకే ఒక్క లైను, దాని మీద 18 శాతం జీఎస్టీ. విండోస్‌కి వేరే లైను లేదు, అందుకే ఫ్రీ అనిపిస్తుంది. లాప్‌టాప్ తయారీ కంపెనీ, విండోస్ తయారుచేసే మైక్రోసాఫ్ట్‌కి కట్టిన లైసెన్స్ సొమ్ము ఆ ధరలోనే కలిసిపోయింది. దాని మీద పన్ను కూడా మనమే కట్టాం. రైతుబజారులో కూరలు కొంటే రెండు కరివేపాకు రెబ్బలు సంచిలో వేస్తారు, అది కొసరు. ఇది కొసరు కాదు.

ఇలా కలిపి అమ్మడం ఇప్పుడే మొదలైన పద్ధతి కాదు. 1960ల్లో అమెరికా కంపెనీ ఐబీఎం తన పెద్ద కంప్యూటర్లతో పాటే సాఫ్ట్‌వేర్ ఇచ్చేది, విడిగా డబ్బు అడిగేది కాదు. 1969 జూన్‌లో ఇకపై వేరే ధర ఉంటుందని ప్రకటించింది. ఊరికే వస్తోందనుకున్నదానికీ ఖర్చుందని కొనేవాళ్లకు అప్పుడు తెలిసొచ్చింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం ఆ తర్వాతి కథ. మైక్రోసాఫ్ట్ కొన్ని తయారీ కంపెనీలతో ఒక ఒప్పందం చేసుకుంది. ఎన్ని కంప్యూటర్లు అమ్మితే అన్నింటికీ లైసెన్స్ డబ్బు కట్టాలి, వాటిలో వేరే ఆపరేటింగ్ సిస్టమ్, అంటే కంప్యూటర్‌ని నడిపే వేరే సాఫ్ట్‌వేర్, వేసినా సరే! అలాంటప్పుడు ఏ కంపెనీ అయినా వేరేది ఎందుకు వేస్తుంది? అమెరికా న్యాయశాఖ అడ్డుపడితే, 1994 జులైలో మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతి మానుకోవడానికి ఒప్పుకుంది. అప్పటిదాకా వాడనిదానికి కూడా జనం డబ్బు కట్టారు. ఇది న్యాయం కాదు.

ఆపిల్ సంగతి వేరు. 2013 నుంచి తన మ్యాక్ కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్లు డబ్బు తీసుకోకుండానే ఇస్తోంది. అయితే లైసెన్స్ ప్రకారం ఆపిల్ మెషీన్లలోనే వాడాలి. ఖర్చంతా మెషీన్ ధరలోనే ఉంది.

(తెర మీద: పాడైన మదర్‌బోర్డు.)

సరే, డబ్బు కట్టాం. మరి విండోస్ మనదైనట్టేనా? నా పాత లాప్‌టాప్‌లో మదర్‌బోర్డు, అంటే లోపలి మెయిన్ బోర్డు, కాలిపోతే, బయట మెకానిక్ దగ్గర వేరే బోర్డు వేయించాను. ఆన్ చేయగానే మూలన 'యాక్టివేట్ విండోస్' అని వచ్చింది. రెండు రోజులు టెన్షన్ పడ్డాక అర్థమైంది. విండోస్ 8 కాలం నుంచి కీని, అంటే విండోస్ లైసెన్స్ కోడ్‌ని, కంపెనీవాళ్లు బోర్డులోని చిప్‌లోనే రాసి పంపుతున్నారు. పాత బోర్డుతో కీ కూడా పోయింది. తయారీ కంపెనీయే చెడిపోయిన బోర్డు మారిస్తే లైసెన్స్ కొనసాగుతుంది. మనం వేరే బోర్డు వేయించుకుంటే మాత్రం దాన్ని కొత్త కంప్యూటర్‌గానే లెక్కేస్తారు. విడిగా కొన్న రిటైల్ కాపీ అయితే ఇంకో కంప్యూటర్‌కి మార్చుకోవచ్చు.

అసెంబుల్డ్ కంప్యూటర్ కొంటే 'విండోస్ వేసి ఇస్తాం' అంటారు. అది లైసెన్స్ ఉన్నదో, క్రాక్ చేసిందో, అంటే లైసెన్స్ లేకుండా దొంగచాటుగా నడిపేదో, తప్పకుండా అడగండి. క్రాక్ వేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటారు. మన బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టే కంప్యూటర్ అది!

మరి వాడనివాళ్లు డబ్బు వెనక్కి అడగొచ్చా? ఇటలీ అత్యున్నత న్యాయస్థానం 2014లో, లైసెన్స్ ఒప్పుకోని కొనుగోలుదారుకి విండోస్ ధర తిరిగివ్వాలని చెప్పింది. 2016లో యూరప్ న్యాయస్థానం మాత్రం, కలిపి అమ్మినంత మాత్రాన మోసం కాదని, ధర విడిగా చూపకపోవడం కూడా తప్పు కాదని తీర్పిచ్చింది. నాకు ఆ రెండో మాట మింగుడుపడలేదు. ధర తెలియకుండా కావాలో వద్దో ఎలా తేల్చుకుంటాం?

ఇంగ్లీషులో ఫ్రీ అనే ఒక్క మాటకే ఉచితమనీ, స్వేచ్ఛ అనీ రెండర్థాలు. మన దగ్గర ఆ తికమక లేదు. విండోస్‌కి బదులు వాడుకునే లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో రెండూ దొరుకుతాయి. లైనక్స్ రకాలైన ఉబుంటు గానీ, మన కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ గానీ ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు, పక్కింటివాళ్లకీ ఇవ్వొచ్చు. అయితే మిర్చి యార్డులో ట్యాలీ మీద లెక్కలు రాసుకునేవాళ్లకి విండోసే సులువు. వాళ్లు కొనుక్కోవడంలో తప్పేమీ లేదు.

చెల్లి కాలేజీ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుందట. అందుకే బాబాయ్ విండోస్ ఉన్నదే తీసుకున్నాడు. బయటికొచ్చి బండి తీస్తూ పిన్నికి మళ్లీ ఫోన్ చేశాడు.

"లాప్‌టాప్ తీసుకున్నాం. విండోస్ కూడా కొన్నాం."